వరండా టీమ్

11 జులై 1969, శుక్రవారం

మొయినాబాద్. స్కూలు వరండా. స్కూలు మూసి ఉంది. తెలంగాణ ఉద్యమం మొదలైన దగ్గర్నుంచి పిల్లలు సరిగా రావడం లేదట. గదులకు తాళాలు వేశారు. వరండాకు తాళం ఉండదు కాబట్టి ఇక్కడ పడుకుంటున్నాను.

నా పేరు ప్రేమదాసు. ఎవరూ అడగలేదు. నేనే రాసుకుంటున్నాను. సిటీలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. ఎన్జీవో ఉద్యోగుల సమ్మెలో అందరితో పాటు నేనూ డ్యూటీ మానేశాను.

జూన్‌లో, కర్ఫ్యూ రోజుల్లో, నా భార్య విమలమ్మ పోయింది. కడుపులో బిడ్డ కూడా. కిరాయి గది ఖాళీ చేశాను. ఏ రోడ్డు కనబడితే ఆ రోడ్డు పట్టుకుని నడిచాను. అది చేవెళ్ళ రోడ్డు అయింది.

నేను పుట్టిన ఎంకపల్లి ఇక్కడికి దగ్గరే. అక్క సారమ్మ అక్కడే ఉంటుంది. వెళ్ళలేదు. వెళ్తే అక్క ఏడుస్తుంది. నేను కూడా ఏడవాలి. నాకు ఏడుపు రావడం లేదు.

ఈ డైరీ ఆఫీసులో జనవరిలో ఇచ్చారు. ఇప్పటిదాకా ఒక్క పేజీ రాయలేదు.

12 జులై

వరండాలో నేనొక్కడినే కాదు.

మైసయ్య అని ఒక పెద్దమనిషి. సిటీ గంజ్‌లో మూటలు మోసే హమాలీ. బంద్‌ల మీద బంద్‌లు వచ్చి గంజ్ మూతపడింది. కూలి లేదు, కిరాయి లేదు, గుడిసె లేదు. బీరయ్య బస్సు క్లీనరు. బస్సుల మీద రాళ్ళు పడుతున్నాయని ఓనరు బస్సును షెడ్డులో పెట్టాడు. బీరయ్య పడుకునేది ఆ బస్సులోనే. బస్సుతో పాటు ఇల్లు కూడా పోయింది. అతని చెవి పక్కన లాఠీ దెబ్బ ఇంకా మానలేదు.

అటు చివర సంగమ్మ. మొగుడు ఇంకో ఆమెను తెచ్చుకుని ఈమెను వెళ్ళగొట్టాడు. నాట్లకు, కలుపుకు పోతుంది. తలాపున కొడవలి పెట్టుకుని పడుకుంటుంది.

గొంగడి కప్పుకుని మూలకు కూర్చునే మనిషి కుర్మయ్య. ఇక్కడికి దగ్గర్లోని ప్రొద్దుటూరు వైపు అతను. గొర్రెలకు రోగం తగిలి మంద మొత్తం పోయిందట. అప్పటి నుంచి నోరు విప్పలేదని మైసయ్య చెప్పాడు.

ఒకరి పక్కన ఒకరం పడుకుంటాము. ఒకరి మొహం ఒకరం చూసుకోము.

15 జులై

రోజూ సాయంత్రం ఒకాయన సైకిల్ మీద వస్తాడు. ఖాకీ నిక్కరు, తెల్ల బనియను, మెడలో విజిల్. గ్రౌండులో రెండు స్తంభాల మధ్య వాలీబాల్ నెట్ కడతాడు. తాడు గట్టిగా ఉందో లేదో లాగి చూస్తాడు. బంతికి గాలి కొడతాడు. కాసేపు గోడకేసి కొట్టుకుంటాడు. పొద్దు గూకే ముందు నెట్ విప్పి, మడిచి, సైకిల్ వెనక కట్టుకుని వెళ్ళిపోతాడు.

స్కూలు డ్రిల్ మాస్టరు గిద్యోను అట. మిలిట్రీ నుంచి వచ్చినవాడు. "పోరగాళ్ళు రారని తెల్వదా ఆయనకు?" అని సంగమ్మ అడిగింది. "తెల్సు. ఇంట్ల కూసుంటె ఊపిరాడదు గావచ్చు" అన్నాడు మైసయ్య.

18 జులై

వాన. ఏమీ లేదు.

21 జులై, సోమవారం

చంద్రుడి మీద మనుషులు దిగారట. హోటల్ రేడియోలో విని బీరయ్య వచ్చి చెప్పాడు. సమ్మె కూడా అయిపోయిందట. ఎన్జీవోలు డ్యూటీలో చేరుతున్నారట.

నాకు కూడా కుర్చీ ఉంటుంది. టైప్ మిషను మీద దుమ్ము పడి ఉంటుంది. సాయంత్రం ఐదయ్యాక కవర్ కప్పి ఏ ఇంటికి వెళ్ళాలి.

వెళ్ళను.

24 జులై

గిద్యోను మాస్టరు ఈ రోజు నెట్ కట్టి, నేరుగా వరండాకు వచ్చాడు. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు, పిల్లల్ని లైన్లో నిలబెట్టి చూసినట్టు.

"నాకు ఆరుగురు కావాలె. మీరు అయిదుగురున్నరు. నేనొక్కన్ని. సరిపోయింది, లేవుండ్రి" అన్నాడు.

మైసయ్య నవ్వాడు. తిండికే తిప్పలైతుంటే ఆటలేంది సార్ అన్నాడు. తిండి నేను పెట్టలేను, నా జీతమే నెలల నుంచి రావట్లేదు అన్నాడు మాస్టరు. "నా దగ్గర బంతి ఉన్నది. అదొక్కటే ఉన్నది."

ఎవరూ కదల్లేదు. ముందు లేచింది సంగమ్మ. చీర కొంగు నడుముకు చుట్టి బిగించి, వెళ్ళి నెట్ అవతల నిలబడింది. ఆడమనిషి లేచాక కూర్చోవడం బాగుండదనుకున్నాడేమో, మైసయ్య మోకాళ్ళు పట్టుకుని లేచాడు. బీరయ్య లేచాడు. కుర్మయ్య గొంగడితోనే వచ్చాడు. నేను ఎందుకు లేచానో నాకు తెలియదు. వద్దు అనడానికి కూడా ఓపిక కావాలి. అది లేకనే అనుకుంటాను.

ఇటు ముగ్గురం, అటు ముగ్గురు. బంతి మొదట నా ముక్కుకు తగిలింది.

25 జులై

ముంజేతులు వాచాయి. ఎర్రగా కందాయి. నొక్కితే నొప్పి. రోజంతా మాటిమాటికీ నొక్కి చూసుకున్నాను.

2 ఆగస్టు

రోజూ ఆడుతున్నాము. ఆట అనకూడదు. బంతి వస్తుంది, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటాము, బంతి మధ్యలో పడుతుంది. మళ్ళీ బంతి వస్తుంది, ఇద్దరం ఒకేసారి ఉరికి తలలు కొట్టుకుంటాము.

మాస్టరు విజిల్ వేసి ఆపాడు. బంతి మీదికి పోయేవాడు ముందు "నాది" అని గట్టిగా అనాలి అన్నాడు. అంటే పక్కవాడు ఆగుతాడు. అనకుండా పోతే మళ్ళీ మొదటి నుంచి. మైసయ్యకు ఆ మాట గొంతులోంచి రాలేదు. ఎన్నడూ అననిది ఇప్పుడెట్ల అనాలె సార్ అన్నాడు. బీరయ్య మాత్రం ప్రతి బంతికీ నాది నాది అని అరిచాడు, నెట్ అవతల పడేదానికి కూడా.

నేను పెదవులు కదిపాను. బయటికి వినబడలేదని మాస్టరు మళ్ళీ అనిపించాడు. మళ్ళీ. ఐదారు సార్లయ్యాక వినబడింది. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఎన్ని రోజులైందో గట్టిగా మాట్లాడి.

కుర్మయ్యను మాత్రం బలవంతం చేయలేదు. "నువ్వు చెయ్యి లేపు, చాలు" అన్నాడు.

3 ఆగస్టు, ఆదివారం

చర్చి గంట వినబడింది. వెళ్ళలేదు.

8 ఆగస్టు

చోట్లు మారడం నేర్పాడు. మా వైపు సర్వీస్ వచ్చినప్పుడల్లా మాస్టరు "చేంజ్" అంటాడు. అందరం ఒక్కో చోటు జరగాలి. ముందున్నవాడు వెనక్కి, వెనకున్నవాడు పక్కకు. ఎప్పటికీ ముందే నిలబడేవాడు ఉండడు, ఎప్పటికీ వెనకే ఉండేవాడూ ఉండడు. మైసయ్యకు ఇది బాగా నచ్చింది. గంజ్‌లో ఇట్లుంటే మంచిగుండు అన్నాడు.

కాలేజీ పిల్లలు కొందరు జెండాలతో వచ్చారు. ఇక్కడ బంతాట ఆడుతున్నారా, రోడ్డు మీదికి రండి, మన రాష్ట్రం కోసం ప్రాణాలు పోతున్నాయి అన్నారు. మంచి పిల్లలు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక పిల్లవాడి చేతికి కట్టు ఉంది. మైసయ్య వాళ్ళకు నీళ్ళు ఇచ్చాడు. "రాష్ట్రమొస్తె మాకు జాగ దొరుకుతదా బిడ్డా?" అని అడిగాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. దొరుకుతది తాతా అన్నాడు చేతికి కట్టు ఉన్న పిల్లవాడు. వాడూ నిజంగానే అన్నాడు.

పోతూ పోతూ ఒక సర్వీస్ కొట్టి పోయారు.

11 ఆగస్టు

బీరయ్య సాయంత్రం రాలేదు. కల్లు కాంపౌండులో ఉన్నాడని తెలిసి సంగమ్మ వెళ్ళి పిలుచుకొచ్చింది. ఏమని పిలిచావు అని అడిగితే, "అయిదుగురం నిలవడ్డం, నీ జాగ ఖాళీ ఉన్నది అన్న. లేసిండు" అంది.

తూలుతూ ఆడాడు. ఒక్క బంతీ తగల్లేదు.

15 ఆగస్టు, శుక్రవారం

జెండా పండుగ. రోడ్డు మీద టెంట్ వేసుకున్న రిజర్వు పోలీసులు స్కూల్లో జెండా ఎగరేశారు. ఆ పని అయ్యాక హెడ్ కానిస్టేబుల్ కృష్ణయ్య నెట్ చూసి మ్యాచ్ ఆడదామన్నాడు. మా పోరగాళ్ళు ఉత్తగ కూసోని తుప్పు పడుతున్నరు అన్నాడు.

బీరయ్య ఆడనన్నాడు. చెవి పక్కన మచ్చ చూపించాడు. నన్ను కొట్టినోళ్ళు వీళ్ళే గాకపోవచ్చు, ఖాకీ అయితే అదే గదా అన్నాడు. మాస్టరు బలవంతం చేయలేదు. నీ ఇష్టం, అయిదుగురమే ఆడుతం అన్నాడు. అట్లా అన్నాక బీరయ్య లుంగీ ఎగ్గట్టి వచ్చి తన చోట్లో నిలబడ్డాడు.

ఇంకో పేచీ. ఆడమనిషితో మేము ఆడం అని కానిస్టేబుళ్ళు అన్నారు. సంగమ్మ పక్కకు జరగబోయింది. "ఆమె లేకుంటె మ్యాచే లేదు" అని మాస్టరు నెట్ ముడి విప్పడం మొదలుపెట్టాడు. కృష్ణయ్య నవ్వి, ఉండనీయుండ్రి అన్నాడు.

ఊరు సగం వచ్చి చూసింది. మొదట్లో నవ్వారు. వరండా టీమ్, వరండా టీమ్ అని అరిచారు. పోలీసులు బలంగా ఉన్నారు. మొదటి గేమ్ చిత్తుగా ఓడిపోయాము. రెండో దాంట్లో కొంచెం నిలబడ్డాము. సంగమ్మ కింది నుంచి లేపే బంతి ఎక్కడ పడుతుందో వాళ్ళకు అందలేదు. నవ్వులు తగ్గాయి.

అప్పుడు ఒక బంతి చాలా ఎత్తుకు లేచి మా వెనక వైపు వచ్చింది. వెనక ఉన్నది కుర్మయ్య. "నాది" అన్నాడు.

గట్టిగానే అన్నాడు. మేము ఐదుగురం వెనక్కి తిరిగి అతని మొహం చూస్తూ నిలబడిపోయాము. అతను బంతిని చక్కగా నా నెత్తి మీదికి పంపాడు. నేను చూడనే లేదు. బంతి నా భుజానికి తగిలి కింద పడింది. పాయింటు వాళ్ళకు పోయింది.

ఓడిపోయాము. మైసయ్య కుర్మయ్య భుజం మీద చెయ్యి వేసి వరండా దాకా నడిచాడు. నీ మంద ఎక్కడ మేపెటోనివి అని అడిగాడు. కుర్మయ్య చెప్పాడు. ఏయే గుట్టలు, ఏయే కుంటలు, ఏ గొర్రెకు ఏ గుణం, చాలాసేపు చెప్పాడు. మేమంతా కూర్చుని విన్నాము.

విమలమ్మ ఉంటే ఇంటికి వెళ్ళి చెప్పేవాడిని అనుకున్నాను. అనుకున్నాక కూడా ఏమీ కాలేదు.

30 ఆగస్టు

ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాము. చూడకపోతే బంతి పాస్ ఇవ్వలేము.

సంగమ్మ కొడవలి ఇప్పుడు తలాపున ఉండడం లేదు. గోడకు ఆనించి పెడుతోంది.

9 సెప్టెంబరు, మంగళవారం. ఉదయం

కుర్మయ్యకు వాంతులు, భేదులు. తెల్లవారక ముందు మొదలైంది. కళ్ళు గుంటలు పడ్డాయి. ఈ రోజు బంద్. బస్సులు లేవు.

11 సెప్టెంబరు, గురువారం. చేవెళ్ళ దవాఖాన

మొన్నటిది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న చెయ్యి లేవలేదు.

గిద్యోను మాస్టరుకు కబురు పంపితే వచ్చాడు. కుర్మయ్య చర్మం పట్టి లాగి చూశాడు. లాగిన చోట అట్లాగే నిలబడింది. మిలిట్రీ క్యాంపులో ఇట్లాంటివి చూశాడట. ఈ రోజు దవాఖానకు చేరకపోతే దక్కడు అన్నాడు. సిటీ రోడ్డు మీద మంటలు, పోలీసులు. చేవెళ్ళ దవాఖాన ఒక్కటే దారి.

ఎడ్లబండి కోసం బీరయ్య రెండు ఇళ్ళకు ఉరికాడు. గత్తర అంటుకుంటది, ఆ మనిషిని మా బండిలో వేయొద్దు అన్నారు. వాళ్ళ ఇళ్ళల్లో కూడా పిల్లలున్నారు. మూడో ఇంటివాళ్ళు బండి ఇవ్వలేదు గానీ నులక మంచం ఇచ్చారు. తిరిగి తేవొద్దు అన్నారు.

మంచం మీద పడుకోబెట్టాము. మంచానికి నాలుగు కోళ్ళు, మోసేది ఐదుగురం. మాస్టరు, మైసయ్య, బీరయ్య, సంగమ్మ, నేను. నువ్వు మొయ్యలేవమ్మా అన్నాడు మైసయ్య. సంగమ్మ కొంగు చుట్ట చుట్టి భుజం మీద పెట్టుకుని ఒక కోడు కింద దూరింది.

మొదట్లో ఎవరి అడుగు వాళ్ళది. మంచం ఊగింది. కుర్మయ్య మూలిగాడు. మాస్టరు "లెఫ్ట్, లెఫ్ట్" అంటూ అడుగులు కలిపాడు. కొంత దూరం పోయాక "చేంజ్" అన్నాడు. ఎట్లా జరగాలో చెప్పకుండానే జరిగాము. ముందున్న ఒకరు వెనక్కి, వెనకున్న ఒకరు పక్కకు, ఖాళీగా నడుస్తున్నవారు ముందు కోడు కిందికి. మంచం ఆగలేదు. ఖాళీ వచ్చినవారు కుర్మయ్య పక్కన నడుస్తూ ఉప్పు వేసిన గంజి చెంచాతో నోట్లో పోయాలి. సంగమ్మ ముంతతో తెచ్చిన గంజి. కక్కితే మళ్ళీ పోయాలి. కక్కినా కొంత లోపల ఉంటదని మాస్టరు అన్నాడు.

రోడ్డు మీద మనుషులు లేరు. కోసిన చెట్లు అడ్డం పడి ఉన్నాయి. మంచం ఎత్తి దాటించాము. గోడల మీద, కల్వర్టుల మీద జై తెలంగాణ. ఎండ వచ్చింది, వాన వచ్చింది, మళ్ళీ ఎండ వచ్చింది. భుజం చర్మం లేచిపోయింది. నాకు విశ్రాంతి దొరికినప్పుడు కుర్మయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. "పోతనా సారూ" అన్నాడు. పోవు అన్నాను. ఎట్లా అన్నానో తెలియదు. నాకు తెలిసి అన్న మాట కాదు.

ఒక చోట కుర్రాళ్ళు రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పేర్చి కూర్చున్నారు. మంచం చూసి వాళ్ళే లేచి రాళ్ళు జరిపారు. ఇద్దరు కొంత దూరం మోశారు. ఇంకొంచెం ముందు పోలీసులు. కర్రలు అడ్డం పెట్టారు. ఊరేగింపు తీసుకుపోతున్నారా, శవమా, ఎవరు పంపారు అని కసురుకున్నారు. మంచం దించమన్నారు. దించితే మళ్ళీ ఎత్తగలమో లేదో నాకు నమ్మకం లేదు.

జీపు వెనక నుంచి కృష్ణయ్య వచ్చాడు. మమ్మల్ని చూశాడు. మంచం మీదికి వంగి చూశాడు. "వీడు వెనక ఆడెటోడు గదా" అన్నాడు. కర్రలు పక్కకు తీయించాడు. జీపు ఇవ్వగలనేమోనని అటు ఇటు చూశాడు, పై అధికారి ఉన్నాడు, ఇవ్వలేకపోయాడు. తన సీసాలో నీళ్ళు ముంతలో పోశాడు. "ఉరుకుండ్రి" అన్నాడు. బీరయ్య అతని మొహం ఒకసారి చూసి నడిచాడు.

చేవెళ్ళ చేరేసరికి ఎండ పడమటికి వాలింది. కుర్మయ్య పిలిస్తే పలకడం లేదు. డాక్టరు సూది గుచ్చడానికి నరం దొరక్క చాలాసేపు వెతికాడు. దొరికింది. సీసా వేలాడదీశారు. ఒకటి అయ్యాక ఇంకొకటి.

"మీకేమైతడు?" అని కంపౌండరు అడిగాడు. పేరు పక్కన రాయాలట. మాస్టరు, "మా టీమ్" అన్నాడు. కంపౌండరు అతన్ని ఒకసారి చూసి, అదే రాశాడు.

కాసేపటికి కుర్మయ్య మూత్రం పోశాడు. ఇక ఫికర్ లేదు అన్నాడు డాక్టరు. టైముకు తెచ్చారు, ఇంకో గంటయితే నా చేతుల్లో ఉండేది కాదు అన్నాడు.

టైముకు తెచ్చారు.

నేను బయటికి వచ్చాను. దవాఖాన వెనక నల్లా ఉంది. దాని పక్కన గట్టు మీద కూర్చున్నాను. లోపలి నుంచి ఏదో చప్పుడు వచ్చింది. నా నుంచే వస్తోందని తెలియడానికి కొంతసేపు పట్టింది.

సంగమ్మ వచ్చి పక్కన కూర్చుంది. కొంగు తడిపి నా భుజం మీద రక్తం తుడుస్తూ ఉంది. అప్పుడు చెప్పాను. పొద్దున్నే విమలమ్మకు నొప్పులు మొదలయ్యాయని, కర్ఫ్యూ అని, సందు చివర రెండుసార్లు సిపాయిలు వెనక్కి పంపారని, మూడోసారి వదిలితే రిక్షా దొరకలేదని. మంచం మీద మోసుకుపోదామని ఇంటింటికీ వెళ్ళి అడిగానని. తలుపులు తీయలేదని. ఆ తలుపుల వెనక ఉన్నవాళ్ళు చెడ్డవాళ్ళు కాదని. నేనొక్కడినే చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి వచ్చానని. చాలా బరువుగా ఉందని. దవాఖాన కనబడుతుండగా బరువు ఇంకా పెరిగిందని.

"ఒక్కనివి ఎట్ల మోస్తవన్నా" అంది సంగమ్మ. అంతే అంది.

ఆమె మాట తర్వాత చాలాసేపు ఏడ్చాను. ఆ తర్వాత మళ్ళీ ఏమీ లేదు. నల్లా కింద తల పెట్టి, లోపలికి వెళ్ళి, వాళ్ళతో పాటు నేల మీద పడుకున్నాను.

14 సెప్టెంబరు

కుర్మయ్య లేచి కూర్చున్నాడు. గొంగడి ఏది అని అడిగాడు. దవాఖానవాళ్ళు కాల్చేశారు. చెప్తే తల ఊపాడు.

22 సెప్టెంబరు

మొయినాబాద్. గ్రౌండు నిండా గడ్డి. బీరయ్య, నేను పొద్దంతా పీకాము. మంచం ఇచ్చిన ఇంటి ఆయన రోడ్డు మీద నిలబడి చూశాడు. కాసేపటికి లోపలికి పోయి కొడుకు చేతికి పార ఇచ్చి పంపాడు.

కుర్మయ్య బలం చాలక ఆడలేదు. గీత పక్కన కూర్చున్నాడు. పెద్ద గొంతుతో అందరికీ తప్పులు చెప్పాడు.

5 అక్టోబరు, ఆదివారం

అక్క వచ్చింది.

ఎవరో చెప్పారట, మీ తమ్ముడు అడుక్కునేవాళ్ళతో కలిసి బంతి ఎగరేస్తున్నాడని. ఎంకపల్లి నుంచి నడిచి వచ్చింది. టిఫిన్ డబ్బాతో గ్రౌండు గట్టు మీద నిలబడింది. నేను చూశాను. అప్పుడే నాకు బంతి వచ్చింది. ముందు బంతి చూసుకున్నాను.

"ఇంటికి పోదాం పా తమ్మీ" అంది.

"ఆట అయినంక అక్కా" అన్నాను.

అక్క గట్టు మీద కూర్చుంది. పొద్దు గూకేదాకా కూర్చుని చూసింది. సంగమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుని ఎవరెవరో చెప్పింది. ఆట అయ్యాక అక్క డబ్బా విప్పింది. జొన్న రొట్టెలు, పుంటికూర. నా ఒక్కడికని తెచ్చింది ఆరుగురికి పంచింది. తలా ఒక ముక్క వచ్చింది.

పోయేటప్పుడు నా రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరం ఏడ్చాము. నేను అనుకున్నంత కష్టంగా లేదు.

అక్కతో ఈ రోజు వెళ్ళలేదు. వస్తాను అన్నాను. ఎన్నడు అని అడిగింది. తొందరలోనే అన్నాను. నిజంగానే అన్నాను.

28 అక్టోబరు

ఏమీ రాయడానికి లేదు. బాగానే నిద్ర పట్టింది.

14 నవంబరు

స్కూలు సోమవారం తెరుస్తారట. సగం మంది పిల్లలైనా వస్తారని హెడ్మాస్టరు చెప్పాడట. వరండా ఖాళీ చేయాలి. ఆయన నెమ్మదిగానే చెప్పాడు. పిల్లలు వచ్చే చోట వేరేవాళ్ళు పడుకోవడం కుదరదు అన్నాడు. కుదరదు, నిజమే.

గిద్యోను మాస్టరు హెడ్మాస్టరు గదిలో చాలాసేపు ఉన్నాడు. బయటికి వచ్చి, వరండా పోయింది, గ్రౌండు దక్కింది అన్నాడు. స్కూలు విడిచాక సాయంత్రాలు మాకు. ఆయన మొహంలో సంతోషం లేదు. పిల్లలు వస్తున్నందుకు ఉండాలి కదా. "వాళ్ళకు మళ్ళ నాది అనుడు నేర్పాలె. ఏడాదిల మర్చిపోయి ఉంటరు" అన్నాడు.

17 నవంబరు, సోమవారం

పిల్లలు వచ్చారు. ప్రార్థన పాడారు. మేము రోడ్డు అవతల నిలబడి విన్నాము. తర్వాత ఎవరి మూట వాళ్ళు ఎత్తుకున్నాము.

24 నవంబరు

ఇల్లు ఎవరికీ దొరకలేదు. సంగమ్మకు మాస్టరు భార్య ధనమ్మ పశువుల కొట్టం పక్కన ఉండడానికి చిన్న అర్ర ఇచ్చింది. మైసయ్యను పక్క ఊరు హిమాయత్‌నగర్‌లో ఒక ఇటుక బట్టీ దగ్గర కాపలాకు పెట్టుకున్నారు. గుడిసె వాళ్ళదే, బట్టీ ఉన్నన్నాళ్ళు. బీరయ్య బస్సు షెడ్డు నుంచి బయటికి వచ్చింది. చేవెళ్ళలో ఆగినప్పుడు మళ్ళీ అందులోనే పడుకుంటున్నాడు. కుర్మయ్య ప్రొద్దుటూరులో వేరేవాళ్ళ గొర్రెలు మేపుతున్నాడు. మంద ఎక్కడ పండుకుంటే అక్కడ అతను.

నేను ఎంకపల్లికి పోయాను. ఆఫీసులో నా చోటు తీసేశారు. చేవెళ్ళ తాలూకా ఆఫీసు ముందు కూర్చుని అర్జీలు రాస్తున్నాను. జనం వచ్చి తమ సంగతులు చెప్తారు. వింటాను. ఇదివరకు చెవులకు మాటలు చేరేవి కావు. ఇప్పుడు కొన్ని చేరుతున్నాయి. అన్నీ కాదు.

29 నవంబరు

సాయంత్రం వెళ్ళేసరికి నెట్ కట్టి ఉంది. నలుగురమే వచ్చాము. మైసయ్యకు బట్టీలో పని, బీరయ్య బస్సు ఆలస్యం. పిల్లలు ఇద్దరు మిగిలిపోతే వాళ్ళను కలుపుకున్నాము. వాళ్ళు మా కన్నా బాగా ఆడారు.

నడిచి ఎంకపల్లి పోతుంటే దారిలో విమలమ్మ మొహం గుర్తుకు వచ్చింది. ఆ రోజు మొహం కాదు. అంతకు ముందుది. రోడ్డు పక్కన కాసేపు నిలబడ్డాను.

7 డిసెంబరు, ఆదివారం

పొద్దున్నుంచి తుఫాను వాన. ఎవరూ రారని తెలిసే బయలుదేరాను. గ్రౌండు నీళ్ళతో నిండింది. మైసయ్య ఉన్నాడు. సంగమ్మ, బీరయ్య, కుర్మయ్య ఉన్నారు. గిద్యోను మాస్టరు ఉత్త చేతులతో వచ్చాడు. వానకు ఎవరూ రారని బంతి తేలేదట.

మోకాళ్ళ లోతు నీళ్ళలో ఎవరి చోట్లో వాళ్ళం నిలబడ్డాము. చీకటి పడేదాకా.